రెండు ఫైళ్లు, ఒక అంకె

జూలై 7, 2025, సోమవారం

పొద్దున కొరియర్ వచ్చింది. రెండు ఫైళ్లు, ఒక ఫారం, మీద "కాన్ఫిడెన్షియల్" అని ఎర్రసిరా ముద్ర. న్యూరాలజీ ప్రొఫెసర్ పోస్టుకి వడపోతలన్నీ అయ్యాక ఇద్దరు మిగిలారట. ఇద్దరూ డిమెన్షియా మీద పనిచేసినవాళ్లే. బయటి నిపుణురాలిగా నా అభిప్రాయం రాసి రెండు వారాల్లో పంపాలి.

ఫారం చూశాను. మొత్తం పేపర్లు, మొత్తం సైటేషన్లు, హెచ్-ఇండెక్స్, జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్. మార్కుల్లో పెద్ద వాటా ఈ నాలుగు గడులదే. ఈ మనిషి ఏ ప్రశ్న పట్టుకున్నాడు, ఏం తేల్చాడు, దానివల్ల ఏ రోగికి ఏం ఒరిగింది అనేవాటికి గడి లేదు. అట్టడుగున "ఇతర వ్యాఖ్యలు" అని రెండు గీతలు మాత్రం వదిలారు.

ఒక ఫైలు లావుగా ఉంది, రంగురంగుల ట్యాగులతో. రెండోది పలచన. ఫారం ప్రకారమైతే ఫైలు తెరవకుండానే తీర్పు చెప్పెయ్యొచ్చు.

సాయంత్రం నా పాత విద్యార్థి ఫోన్ చేశాడు. ఇప్పుడు వాడూ పెద్ద డాక్టరే. సంగతి చెప్పకుండా, మామూలుగా అడిగినట్టు అడిగాను, మనిషి పరిశోధనని ఎలా తూస్తావని. "అంత ఆలోచనెందుకు మేడమ్? గూగుల్ స్కాలర్ తెరిస్తే నిమిషంలో తేలిపోతుంది" అన్నాడు. నిమిషంలో తేలేదానికి కొరియర్ ఖర్చెందుకు నాయనా అనబోయి ఊరుకున్నాను.

జూలై 9, బుధవారం

ఈ అంకెలు ఎక్కడ పుట్టాయో ఒకసారి రాసుకుంటే నాకే స్పష్టంగా ఉంటుంది.

సైటేషన్ల లెక్కని ఒక పద్ధతిగా నిలబెట్టినవాడు యూజీన్ గార్‌ఫీల్డ్. 1964లో ఫిలడెల్ఫియా నుంచి సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. ఒక పేపరు తర్వాతి కాలంలో ఎవరెవరి చేతుల్లోకి వెళ్లిందో వెతుక్కోవడానికి అది దారి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కూడా అక్కడిదే. ఒక జర్నల్లో గత రెండేళ్లలో వచ్చిన పేపర్లని ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు ఉదహరించారన్నది లెక్క. అది జర్నల్‌కి సంబంధించిన సగటు. సగటుని పైకి లాగేవి ఏవో కొన్ని పేపర్లే, మిగతావి వాటి నీడలో బతుకుతాయి. ఆ అంకెని తెచ్చి మనిషి మెడలో వేయడం తర్వాతివాళ్ల తెలివి.

హెచ్-ఇండెక్స్ 2005లో వచ్చింది. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు భౌతిక శాస్త్రజ్ఞుడు హోర్హే హిర్ష్ ప్రతిపాదించాడు. ఒకరి పేపర్లలో 20 పేపర్లని ఒక్కొక్కదాన్ని కనీసం 20 సార్లు ఉదహరించి ఉంటే ఆయన హెచ్-ఇండెక్స్ 20. హిర్ష్ ఎంచి చూసింది ముఖ్యంగా తన తోటి భౌతిక శాస్త్రజ్ఞుల్ని. జీవశాస్త్రాల్లో అంకెలు ఇంకా ఎక్కువ వస్తాయని ఆ ప్రతిపాదనలోనే రాశాడు కూడా. రంగం మారితే కొలత మారుతుందన్న ఆ ముక్క మన ఫారంలోకి రాలేదు.

ఇద్దరి పేర్లూ మూడు చోట్ల వెతికాను. గూగుల్ స్కాలర్‌లో ఒక అంకె, స్కోపస్‌లో ఒకటి, వెబ్ ఆఫ్ సైన్స్‌లో ఇంకొకటి. గూగుల్ వాడు థీసిస్సులు, ప్రీప్రింట్లు, కాన్ఫరెన్సు కాగితాలు అన్నీ కలుపుకుంటాడు కాబట్టి ఎప్పుడూ అదే పెద్దది. లావు ఫైలాయన ఆ పెద్ద అంకె రాశాడు. పలచ ఫైలు అమ్మాయి స్కోపస్ అంకె రాసింది. ఏ డేటాబేసుదో రాయాలన్న నియమం ఫారంలో లేదు. రెండు వేర్వేరు కుంచాలతో కొలిచి పక్కపక్కన పెడుతున్నారు.

ఇక ఎవరు ఎవర్ని ఎందుకు ఉదహరిస్తారన్నది వేరే కథ. కొన్ని నిజమైన అప్పులు. కొన్ని పెళ్లిలో చదివింపుల్లాంటివి. మనింట్లో పెళ్లికి వాళ్లు ఎంత చదివించారో గుర్తుపెట్టుకుని, వాళ్లింటికి అంతే పట్టుకెళ్తాం. కట్నాల పుస్తకంలో రెండు రకాలూ ఒకే వరసలో ఉంటాయి.

జూలై 11, శుక్రవారం

ఫైళ్లు పక్కన పెట్టాను. చేతిలో ఒక కొలబద్ద ఉండాలి కదా అని, నాకు బాగా తెలిసిన ఒక పరిశోధన జీవితాన్ని మళ్లీ చదవడం మొదలుపెట్టాను. మన ఊళ్లో జరిగిన పనే. సువర్ణ అల్లాడి, ఇప్పుడు బెంగళూరు నిమ్హాన్స్‌లో న్యూరాలజీ ప్రొఫెసర్. అప్పట్లో పంజాగుట్ట నిమ్స్.

2013 నవంబరులో న్యూరాలజీ జర్నల్లో వచ్చిన పేపరు. దానికి ముందు కథ టొరంటోది. 2007లో అక్కడ ఎలెన్ బియాలిస్టాక్ బృందం 184 మంది రోగుల రికార్డులు చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో డిమెన్షియా లక్షణాలు సుమారు నాలుగేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని చెప్పింది. వెంటనే అభ్యంతరం వచ్చింది. టొరంటోలో రెండు భాషలవాళ్లంటే ఎక్కువమంది వలస వచ్చినవాళ్లు. అంచేత ఆ ఆలస్యం భాషల పుణ్యమా, వలసదా, చదువుదా?

ఆ చిక్కుముడి విప్పగల ఊరు హైదరాబాదు. ఇక్కడ రెండో భాష కోసం ఎవరూ ఓడెక్కక్కర్లేదు, బడికి పోనక్కర్లేదు. ఇంట్లో తెలుగు, గల్లీలో దక్కనీ, ఆఫీసులో ఇంగ్లీషు. అక్షరం ముక్క రాని ఆటో డ్రైవరు కూడా మూడు భాషల్లో బేరం ఆడతాడు.

నిమ్స్ మెమరీ క్లినిక్‌లో 648 మంది రోగులు. అందులో 391 మంది రెండు లేక అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. ఒక్క భాషవాళ్లలో జబ్బు సగటున 61.1 ఏళ్లకి మొదలైతే, వీళ్లలో 65.6 ఏళ్లకి. నాలుగున్నరేళ్ల తేడా. బడి మొహం చూడనివాళ్లని విడిగా తీసి చూసినా తేడా నిలబడింది. మూడో భాష, నాలుగో భాష వస్తే అదనపు లాభం కనబడలేదని కూడా దాచకుండా రాశారు.

రచయితలు ఎనిమిది మంది. న్యూరాలజిస్టులతోబాటు ఉస్మానియా భాషాశాస్త్రజ్ఞురాలు దుగ్గిరాల వసంత, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నుంచి సూరంపూడి బాపిరాజు, ఎడింబరో నుంచి థామస్ బాక్. ఎవరు ఏ పని చేశారో జాబితా చూస్తేనే ఊహించుకోవచ్చు.

ఈ ఒక్క పేపరు చాలదు, వెనకా ముందూ చూడాలి. 2007లో కేంబ్రిడ్జ్‌లో జాన్ హాడ్జెస్ బృందంతో చేసిన పని ఉంది, బ్రెయిన్ జర్నల్లో వచ్చింది. జ్ఞాపకశక్తితో కాక మాట తడబాటుతోనో, చూపు గందరగోళంతోనో మొదలైన జబ్బుల్లో ఎన్నిటి వెనక అల్జైమర్స్ ఉందో మరణించాక మెదడు పరీక్షించి చెప్పిన పేపరు. 2013 తర్వాత 2016లో స్ట్రోక్ జర్నల్లో ఇంకొకటి. పక్షవాతం వచ్చిన 608 మందిలో, రెండు భాషలవాళ్లలో 40.5 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగానే నిలిచింది, ఒక్క భాషవాళ్లలో 19.6 శాతానికే.

వరసగా చదివితే ఒక తీగ కనిపిస్తుంది. మెదడు దెబ్బతిన్నా కొందరు ఎక్కువకాలం ఎందుకు నిలదొక్కుకుంటారన్న ప్రశ్న చుట్టూ ఏళ్ల తరబడి తిరిగిన పని అది. హెచ్-ఇండెక్స్ చూస్తే ఆ తీగ కనిపించదు.

జూలై 13, ఆదివారం

పొద్దున మా మనవడికి ఆ 2013 పేపరు సంగతి చెప్పబోతే, "అమ్మమ్మా, అయితే నేను రెండు భాషలు మాట్లాడితే నాకు రాదా?" అన్నాడు. రాదని ఆ పేపరు అనలేదు నాన్నా, ఆలస్యంగా వస్తుందేమోనని మాత్రం అంది అన్నాను. ఆ "ఏమో" దగ్గరే ఇవాళంతా గడిచింది.

2013 పేపరుని ఉదహరించినవాళ్లంతా చప్పట్లు కొట్టినవాళ్లు కారు. 2014లో లారా జాహోడ్నీ బృందం న్యూయార్క్‌లో స్పానిష్ మాట్లాడే 1,067 మందిని తీసుకుని, కొందరిని 23 ఏళ్ల దాకా గమనించిన వివరాలు ప్రచురించింది. రెండు భాషలు వచ్చినవాళ్లకి డిమెన్షియా ముప్పు తగ్గినట్టు వాళ్లకి కనిపించలేదు. 2017లో నహీద్ ముకాదమ్, గిల్ లివింగ్‌స్టన్ ప్రభృతులు అధ్యయనాలన్నీ కలిపి చూశారు. క్లినిక్‌కి వచ్చినవాళ్లని వెనక్కి తిరిగి అడిగిన అధ్యయనాల్లో ఆలస్యం కనిపిస్తోంది, ఆరోగ్యవంతుల్ని ముందు నుంచీ గమనించినవాటిలో కనిపించడం లేదు అని తేల్చారు.

క్లినిక్‌కి ఎవరొస్తారు, ఎప్పుడొస్తారు అన్నది ఊరినిబట్టి, డబ్బునిబట్టి, ఇంట్లో పట్టించుకునేవాళ్లనిబట్టి ఉంటుంది. ఆ అభ్యంతరం బలమైనదే. అయినా 2013 పేపరు విలువ దానివల్ల తగ్గలేదు. అంత గట్టిగా ఎదురు ప్రశ్న వేయించుకున్న పేపరే రంగాన్ని కదిలిస్తుంది. సైటేషన్ లెక్కలో మాత్రం పొగడ్తా ఒకటే, ఖండనా ఒకటే.

దీనికి చీకటి వైపు కూడా ఉంది. 2006 మార్చిలో నేచర్‌లో మినెసోటా విశ్వవిద్యాలయం నుంచి ఒక పేపరు వచ్చింది. సిల్వాన్ లెస్నే మొదటి రచయిత. ఎలుకల మెదడులో ఒక రకం అమిలాయిడ్ ముద్ద, ఏబీటా స్టార్ 56, జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తోందని అందులో చెప్పారు. 2022 జూలైలో సైన్స్ పత్రిక విలేకరి చార్లెస్ పిల్లర్ సుదీర్ఘ కథనం రాశాడు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ ష్రాగ్ ఆ పేపరులోని చిత్రాలు దిద్దినట్టున్నాయని పట్టుకున్నాడు. 2024 జూన్‌లో పేపరుని వెనక్కి తీసుకున్నారు. అప్పటికే దాన్ని సుమారు 2,500 సార్లు ఉదహరించారు. పేపరు పోయింది, ఆ సైటేషన్లు అచ్చులో అలాగే ఉన్నాయి.

మన ఫారంలో ఆ 2,500 సైటేషన్లకి కూడా నిండా మార్కులు పడేవి.

జూలై 16, బుధవారం

ఇవాళ రోగుల గురించి ఆలోచించాను. అసలు మొదలుపెట్టాల్సింది ఇక్కడేనేమో.

1975లో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి ప్రచురించిన మినీ మెంటల్ స్టేట్ పరీక్ష మొత్తం వైద్యరంగంలోనే అత్యధికంగా ఉదహరించిన పేపర్లలో ఒకటి. 30 మార్కులు. తేదీ చెప్పాలి, నూరులోంచి ఏడేడు తీసేస్తూ పోవాలి, ఒక వాక్యం రాయాలి, ఒకదాని మీదికి ఒకటి వచ్చిన రెండు పంచభుజాలు చూసి గీయాలి.

మా ఓపీలో ఒక పెద్దామె గుర్తుంది. నల్గొండ వైపు మనిషి. కొడుకు తీసుకొచ్చాడు. వాక్యం రాయమంటే పెన్నువైపు చూసి చెయ్యి వెనక్కి లాక్కుంది. నూరులోంచి ఏడు తీసెయ్యమ్మా అంటే, "ఏడు రూపాలకు ఏం కొన్న బిడ్డా?" అని ఎదురడిగింది. ఉల్లిగడ్డ కొన్నావు అన్నాను. "అయితే తొంబై మూడు నా చేతిల ఉంటయి" అంది. ఇవాళ తేదీ తెలియదు గాని బతుకమ్మ ఇంకెన్ని రోజులుందో తెలుసు. ఊళ్లో ఎవరు ఎంత బాకీయో పేరుపేరునా చెప్పింది. పరీక్ష మార్కులు మాత్రం ఆమెకి డిమెన్షియా ఉందన్నాయి. అది జబ్బు కొలిచిన పరీక్ష కాదు, బడి కొలిచిన పరీక్ష.

ఈ అన్యాయాన్ని సరిదిద్దిన పని మన దేశంలో చాలానే జరిగింది. హర్యానా బల్లభ్‌గఢ్ పల్లెల్లో పిట్స్‌బర్గ్‌కి చెందిన మేరీ గంగూలీ, విజయ్ చంద్ర తదితరులు 1990లలో ఈ పరీక్షకి హిందీ రూపం చేశారు. "కళ్లు మూసుకోండి" అని రాసిన కాగితం చదవమనే బదులు, నేను చేసినట్టు చెయ్యండి అని కళ్లు మూసి చూపించేలా మార్చారు. కేంబ్రిడ్జ్‌లో పుట్టిన ఆడెన్‌బ్రూక్స్ పరీక్షని మలయాళంలోకి, తెలుగులోకి తెచ్చారు. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషలకి ఉమ్మడి పరీక్షల పెట్టె తయారైంది. నిమ్స్ అందులో ఒక కేంద్రం. తెలుగులో అలాంటి పరీక్ష లేకపోతే నిమ్స్ క్లినిక్ 648 మంది రోగుల్ని నమ్మకంగా నిర్ధారించగలిగేదే కాదు. పేరుకెక్కిన పేపరు అడుగున ఇలాంటి పని పునాదిలా ఉంటుంది.

ఈ పునాది పనికి సైటేషన్లు తక్కువెందుకంటే, వాడేవాళ్లు పేపర్లు రాయరు. జిల్లా ఆసుపత్రిలో పరీక్ష పెట్టే డాక్టరు, మందు రాసి రోగిని పంపుతాడు. ఉపయోగం అక్కడ జరుగుతుంది, లెక్క ఇంకెక్కడో జరుగుతుంది.

1998లో కొచ్చిలో జరిగిన సదస్సులో మార్టిన్ ప్రిన్స్ తదితరులు ఒక పరిశోధన బృందం కట్టి 10/66 అని పేరు పెట్టుకున్నారు. డిమెన్షియా రోగుల్లో 66 శాతం వర్ధమాన దేశాల్లో ఉంటే, జనాభా మీద జరిగే పరిశోధనలో 10 శాతం కూడా వాళ్ల మీద జరగడం లేదన్నది దాని అర్థం. పరిశోధనే అంత తక్కువైనచోట ఉదహరించేవాళ్లు మాత్రం ఎక్కడినుంచొస్తారు?

జూలై 18, శుక్రవారం

ఇవాళ రెండు ఫైళ్లూ పేపరు పేపరూ చదివాను.

లావు ఫైలులో బరువంతా అంతర్జాతీయ అంచనా పేపర్లది. వందలమంది రచయితల జాబితాలో ఆయన ఒకడు. ఆ కోవలో అందరికీ తెలిసినది 2022లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన అంచనా. ప్రపంచంలో 2019లో 5.74 కోట్లమందికి డిమెన్షియా ఉందని, 2050కి 15.28 కోట్లవుతుందని. ప్రతి పేపరు మొదటి వాక్యంలో ఎవరో ఒకరు దీన్ని ఉదహరిస్తారు. అలాంటి పేపర్లు అవసరమే. కాని వందల్లో ఒకడికి, మొత్తం పని మోసినవాడికి ఒకే లెక్క ఎలా కుదురుతుంది? ఆ అంచనాలో 2019కి భారతదేశం వాటా సుమారు 38 లక్షలు. తర్వాత 2023లో, మన దేశంలోనే 60 దాటిన 4,096 మందిని నేరుగా పరీక్షించిన లాసీ-డ్యాడ్ అధ్యయనం 7.4 శాతం, అంటే దాదాపు 88 లక్షలు అంది. రెట్టింపుకి మించిన తేడా. దూరం నుంచి వేసిన లెక్కకీ, మనిషి ఎదురుగా కూచుని అడిగినదానికీ మధ్య అంత దూరం ఉంటుంది.

అయినా లావు ఫైలాయన ఊరికే లావెక్కలేదు. మొదటి పేరుతో రాసిన ఎంఆర్ఐ పేపరు ఒకటి చాలా నికార్సైనది. ఫైలులో దానికి ట్యాగు కూడా లేదు. చిన్న జర్నల్లో వచ్చిందని కాబోలు, తనే వెనక్కి నెట్టేశాడు. మనం పెట్టిన ఫారం మనుషులకి తమ మంచి పనినే దాచిపెట్టడం నేర్పుతోంది.

పలచ ఫైలు అమ్మాయిది జిల్లా ఆసుపత్రి పని. చదువురాని పెద్దవాళ్లకి ఏ ప్రశ్న అడిగితే జబ్బు తెలుస్తుంది, ఏది అడిగితే బడి లేని లోటు మాత్రమే తెలుస్తుంది అన్నది ఆమె ప్రశ్న. వచ్చినవన్నీ ఇక్కడి జర్నళ్లలోనే. లోపాలున్నాయి. రోగులంతా ఒకే ఆసుపత్రివాళ్లు, తర్వాతి సంవత్సరాల్లో ఏమయ్యారో వివరం లేదు. ఆ మాట ఆమే పేపరులో ఒప్పుకుంది. పేపరు తర్వాత పేపరు చదివితే ముందు చేసినదాన్ని తనే ప్రశ్నించుకుంటూ వచ్చింది. ఆమె ప్రశ్నావళిని ఏయే ఆసుపత్రులు వాడుతున్నాయో ఉత్తరాలు జతచేసింది. ఫారంలో వాటికి గడి లేక, చివర పిన్ను కొట్టింది.

జూలై 20, ఆదివారం

తీర్పు రాసేశాను. రేపు పోస్టు చేస్తాను. నకలు ఇక్కడ ఉంచుతున్నాను.

ఒకటి. హెచ్-ఇండెక్స్, సైటేషన్ల గడుల్లో ఇద్దరి అంకెలూ ఒకే డేటాబేసు నుంచి తీసి, తేదీ వేసి రాశాను. వాటికి మార్కులు వేయలేదు. 2012 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైన డోరా ప్రకటన, నియామకాల్లో జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని మనిషి పనికి కొలతగా వాడొద్దని చెప్పిన సంగతి గుర్తుచేశాను.

రెండు. అభ్యర్థుల్ని తలా మూడు పేపర్లు ఎంచుకోమని, ఒక్కొక్కదానిలో తమ చేతిపని ఏమిటో, దానివల్ల ఏం మారిందో పేజీ మించకుండా రాయమని అడగండి. కమిటీలో ఇద్దరైనా ఆ పేపర్లు పూర్తిగా చదవాలి.

మూడు. ఎంఆర్ఐ పేపరు రాసిన అభ్యర్థి సమర్థుడు. ఆ పని కొనసాగించే వీలున్న పోస్టు ఇంకొకటి ఉంటే తప్పక పరిశీలించండి.

నాలుగు. ఈ పోస్టుకి నా ఎంపిక రెండో అభ్యర్థి. ఆమె ప్రశ్న మన రోగులది, ఆ ప్రశ్నని వదలకుండా పట్టుకుంది, తన పనిలో లోపాన్ని తనే చెప్పింది, ఆమె చేసినది ఇప్పటికే వాడుకలో ఉంది. వచ్చే అయిదేళ్లలో అదే రోగుల్ని మళ్లీ మళ్లీ చూసి వివరాలు సేకరించేందుకు ఆమెకి సిబ్బందిని ఇవ్వాలన్నది నా షరతు.

88 లక్షలమంది డిమెన్షియాతో ఉన్న దేశం ఇది. ప్రొఫెసర్ని ఎంచుకునే కమిటీ ముందు పేపరు చదవాలి. అంకె చూడాలనుకుంటే తర్వాత చూసుకోవచ్చు.